ఎనిమిదికి రెండు కళ్ళు

"కూర్చుని చేసేది కూడా ఒక పనేనా" అని అత్తగారు ఎప్పుడో అన్న మాట, ఆమె ఒలుపు బల్ల ముందు కూర్చున్న ప్రతిసారీ వచ్చి పక్కన కూర్చునేది. ఆ రోజు కూడా కూర్చుంది. బల్ల మీద ఎర్ర స్టిక్కరు షీటు పరిచి ఉంది. మిషను అక్షరాల అంచుల వెంట సన్నగా కోసి వదిలేసింది. చూడ్డానికి షీటంతా ఒకటే ఎరుపు, అక్షరమేదో, అక్కర్లేనిదేదో తెలియదు. ఇక మిగిలింది ఆమె పని. అక్షరాల చుట్టూ ఉన్న స్టిక్కరును చిరగకుండా, అక్షరం దానితోపాటు లేచి రాకుండా, మెల్లగా ఒలిచేయాలి. ఆ తర్వాత అక్షరాల లోపల ఇరుక్కున్న చిన్న చిన్న ముక్కల్ని ఒక్కొక్కటే సూదితో పొడిచి తీయాలి. అంతా అయ్యాకే అక్షరం అక్షరంలా కనిపిస్తుంది, వ్యాను తలుపు మీద అతికించడానికి పనికొస్తుంది. షాపులో దీన్ని ఒలుపు అంటారు. ఆ పేరు పెట్టింది కూడా అత్తగారే. మొదటిసారి చూసినప్పుడు, ఓస్, బఠానీలు ఒలుచుకోవడమేగా, అంది. అప్పటి నుంచి అది ఒలుపే అయింది.

ఆ లోపలి ముక్కల్ని ఆమె కళ్ళు అనేది. ఫోన్ నంబర్లలో ఒకటికీ ఏడుకీ కళ్ళుండవు, ఒక్క లాగుడుతో వచ్చేస్తాయి. ఆరుకి, తొమ్మిదికి, సున్నాకి ఒక్కో కన్ను. ఎనిమిదికి రెండు. డబ్బున్నవాళ్ళంతా ఏరి కోరి ఎనిమిదులున్న నంబర్లే ఎందుకు కొనుక్కుంటారో ఆమెకి అంతుపట్టేది కాదు. ఒక ఇసుక కాంట్రాక్టరు నంబరులో ఏడు ఎనిమిదులు. ఆయనకి పన్నెండు లారీలు, లారీకి మూడు చోట్ల నంబరు వేయాలి. అదృష్ట సంఖ్యమ్మా, అని మురిసిపోయాడు. అదృష్టం ఆయనది. ఐదు వందల నాలుగు కళ్ళు తీసి, వారం రోజులు మెడ తిప్పలేకపోయింది మాత్రం ఆమె.

షాపు ఆమె భర్తది. డ్రైవర్లు ఆయన్ని స్టిక్కరన్న అంటారు, ఆమెని వదినా అంటారు. బండికి రేటు కట్టడంలో ఆయన్ని మించినవాడు ఆ వీధిలో లేడు. బండి చుట్టూ ఒకసారి తిరుగుతాడు, టేపు పెట్టి కొలుస్తాడు. స్టిక్కరు ఎన్ని చదరపు అడుగులు, ఏడాదికే వెలిసిపోయే రకమా, ఐదేళ్ళు ఎండకి ఆగే రకమా, దాన్నిబట్టి అడుగుకి ఇంత. డిజైనుకి వేరే. పాత స్టిక్కరును వేడి గాలితో ఊడదీయాలంటే గంటకి ఇంత. అతికించడానికి తలుపుకి ఇంత, తలుపు మీద వంపులు గాని రివిట్ల బొడిపెలు గాని ఉంటే దాని మీద ఇంకో సగం. ఎత్తు బండయితే నిచ్చెన చార్జీ. ఎవరైనా నిచ్చెనకి డబ్బులేంటన్నా అని బేరమాడితే, నిచ్చెన ఊరికే వచ్చిందా, దాని అరుగుదల నువ్విస్తావా, అని నవ్వుతూనే పట్టుకునేవాడు. ఆమె లోపలి నుంచి వినేది. నిచ్చెన కూడా ఒక రేటు సంపాదించుకుంది కదా అనుకునేది.

ఈ అడుగుల లెక్కలో ఒక తిరకాసు ఉంది, అది ఒలిచే మనిషికి తప్ప ఇంకొకరికి కనపడదు. అక్షరం పెద్దదయితే స్టిక్కరు ఎక్కువ, పని తక్కువ. చిన్నదయ్యేకొద్దీ స్టిక్కరు తగ్గుతుంది, పని పెరుగుతుంది. గోడంత అక్షరం రెండు నిమిషాల్లో అయిపోతుంది, గోరంత అక్షరం ప్రాణం తీస్తుంది. ఆయన లెక్కలో మాత్రం గోరంతదే చవక. ఒకసారి ఒక పళ్ళ డాక్టరు తన వ్యాను వెనక తాను చేసే వైద్యాలన్నీ అరంగుళం అక్షరాల్లో రాయమన్నాడు. కొలిస్తే రెండున్నర అడుగులు. అడుగుకి నలభై చొప్పున వంద వేశాడు ఆయన. ఆ వందకి ఆమె రెండు రోజులు తల ఎత్తలేదు. ఇంత చవకగా ఎక్కడా చెయ్యరండీ అని డాక్టరు సంబరపడి రెండో వ్యాను కూడా తెచ్చాడు. "చూశావా, రేటు అందుబాటులో ఉంటే గిరాకీ దానంతటదే వస్తుంది" అన్నాడాయన. ఆమె ఒక్కసారే అడిగింది, ఒలుపుకి కూడా ఏదైనా వేయొచ్చు కదండీ అని. ఆయన నిజంగానే అర్థంకానట్టు చూశాడు. "ఒలుపుకి మనకి ఖర్చేముంది? ఇంట్లో మనిషివేగా."

ఇంట్లో మనిషి అన్న మాటలో ఎంత ప్రేమ ఉందో అంత పొదుపు కూడా ఉందని ఆమెకి తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది. పొద్దున్నే లేచి ఇల్లు ఊడ్చి, దీపం పెట్టి, టిఫిను చేసి, తొమ్మిదింటికి షాపుకి వెళ్ళేది. పన్నెండింటికి సూది కింద పెట్టి ఇంటికి పరుగెత్తి వంట చేసి, అత్తగారికి పెట్టి, ఆయనకి క్యారియరు తెచ్చి, మళ్ళీ బల్ల ముందు కూర్చునేది. కోడలికి షాపులో చల్లగా నీడ పట్టున కాలక్షేపం అని అత్తగారు చుట్టుపక్కల వాళ్ళకి చెప్పేది. కోడలు భక్తి గల మనిషి. ఒక్కో కన్ను తీసినప్పుడల్లా మనసులో దేవుణ్ణి తలుచుకునేది, అలా అయితే చెయ్యి వణకదు. ఫలం ఆశించకుండా పని చేయమని పెద్దలు చెప్పిన మాట ఆమెకి ఎప్పుడూ మంచి మాటలాగే తోచేది. ఈమధ్య మాత్రం ఒక చిన్న సందేహం వస్తోంది. ఆ మాట అందరికోసం చెప్పినదే అయితే, ఇంట్లో దాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తున్నది తనొక్కతే ఎందుకయింది? అడుగుకి ఇంత, గంటకి ఇంత, నిచ్చెనకి ఇంత అన్నప్పుడు ఆ మాట ఎవరికీ గుర్తు రాదేం? ఇలా అనుకున్నందుకు వెంటనే తప్పయిపోయింది స్వామీ అని లెంపలు వేసుకునేది. సందేహం మాత్రం పోయేది కాదు.

మందులు సరఫరా చేసే ఒక కంపెనీ తన పద్దెనిమిది వ్యాన్లకీ అక్షరాలు వేయించాలనుకుంది. కంపెనీలో కొనుగోళ్ళు చూసే మేనేజరమ్మ స్వయంగా షాపుకి వచ్చింది. యాభై దాటిన మనిషి, మెడలో తాడుకి కళ్ళజోడు వేలాడుతూ ఉంది. నవ్వదు, కసురుకోదు. వ్యానుకి రెండు వైపులా కంపెనీ పేరు, ఫోన్ నంబరు, వెనక తలుపు మీద ముప్పావంగుళం అక్షరాల్లో మందుల రకాలు. ఒక ఫారం ఇచ్చి, ఏ పనికి ఎంతో విడివిడిగా రాసి రేపు పన్నెండింటిలోగా పంపించమంది. మొత్తం ఒకే అంకె వేస్తే చూడను కూడా చూడనంది.

దస్తూరి బాగుంటుందని ఫారం ఎప్పుడూ ఆమే రాసేది. ఆయన చెబుతూ పోయాడు, ఆమె రాస్తూ పోయింది. స్టిక్కరు, డిజైను, కోత, అతికింపు. కోతకి, అతికింపుకి మధ్య ఒలుపుకి కూడా ఫారంలో ఒక గడి ఉంది. ఆయన అక్కడ ఆగను కూడా ఆగలేదు. "అది ఊరికే అని రాయి. చూస్తే సంతోషపడతారు." ఆమె ఊరికే అని రాసింది. తన చేత్తోనే రాసింది. ఫారం ఆ సాయంత్రమే వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున పదింటికి మేనేజరమ్మ ఫోను చేసింది. ఆయన బయట ఒక టెంపో మీద ఎక్కి ఉన్నాడు, ఆమే ఎత్తింది. ఊరికే అని రాస్తే కుదరదమ్మా, అంది మేనేజరమ్మ. ఊరికే చేసే పని రేపు మధ్యలో ఆగిపోతే నేనెవరిని అడగాలి? ఆ పని ఎవరో ఒకరు చేస్తారు కదా, వాళ్ళకి మీరు ఎంతో కొంత ఇస్తారు కదా, అది రాయండి. ఆవిడ గొంతులో ఆమె మీద జాలి ఏమీ లేదు. ఆఫీసు రూలు చెబుతోంది, అంతే. కాని వాళ్ళకి ఇస్తారు కదా అన్న మాటని ఆమె ఫోను పెట్టేశాక తనలో తను ఇంకోసారి అనుకుంది.

ఆయనతో చెబితే, టెంపో మీద నుంచి దిగకుండానే, ఏదో ఒకటి వేసెయ్యి, నాకిప్పుడు చెయ్యి ఖాళీ లేదు, అన్నాడు.

ఏదో ఒకటి అంటే ఎంత? ఆమె పెన్ను పట్టుకుని కూర్చుంది. పధ్నాలుగేళ్ళుగా చేస్తున్న పనికి ధర ఎంతో తనకే తెలియదు. అప్పుడు టైలరమ్మ గుర్తొచ్చింది.

రెండేళ్ళ కిందట ఆమెకి గర్భసంచి తీసేశారు. మూడు వారాలు మంచం దిగకూడదన్నారు. ఆ మూడు వారాలూ ఒలుపు ఎవరు చేస్తారని ఆయన వీధంతా వెతికి, చివరికి నాలుగిళ్ళ అవతల ఉండే టైలరమ్మని తెచ్చుకున్నాడు. టైలరమ్మ ఆయన కన్నా పెద్దది, ఎవరికీ భయపడని మనిషి. రోజు కూలి ఇస్తానంటే ఒప్పుకోలేదు. షీటుని ఎత్తి వెలుతురుకి పెట్టి చూసి, తన పద్ధతిలో తను రేటు కట్టింది. "చొక్కాకి నేను గుడ్డ చూసి తీసుకోను తమ్ముడూ, కాజాలు లెక్కపెట్టి తీసుకుంటా. ఇదీ అంతే. పెద్దక్షరానికి ఒక రూపాయి. అంగుళం లోపుదైతే రెండు. లోపల తీయాల్సిన చిల్లుకి అర్ధ. ఇష్టమైతే ఇయ్యి, లేకపోతే నా మిషను నాకుంది." ఆయన గింజుకుని గింజుకుని ఒప్పుకున్నాడు. మూడు వారాలకి ఆరు వేల పైచిలుకు అయింది. మంచం మీద ఉన్న ఆమె దగ్గరికి వచ్చి, నీ ఆపరేషను కన్నా నువ్వు లేకపోవడమే నాకు ఎక్కువ తగిలింది, అన్నాడు. ఆ మాటకి ఆ రోజు ఆమె కడుపు కుట్లు పట్టుకుని మురిసిపోయింది కూడా. తను లేకపోతే అంత లోటా అనుకుంది. ఆయన చెప్పింది లోటు సంగతి కాదని, ఖర్చు సంగతని ఇప్పుడు, పెన్ను పట్టుకుని కూర్చున్నాక తెలిసింది. అంటే ధర ఆయనకి తెలుసు. రెండేళ్ళుగా తెలుసు. ఆమె మంచం దిగి బల్ల ముందు కూర్చున్న రోజున ఆ ధర మళ్ళీ సున్నా అయిపోయింది.

లెక్క వేసింది. వ్యానుకి పెద్దక్షరాలు నలభై, నలభై రూపాయలు. చిన్నవి నూట ఎనభై, మూడు వందల అరవై. కళ్ళు నూట ఇరవై, అరవై. వెరసి నాలుగు వందల అరవై. పద్దెనిమిది వ్యాన్లకి ఎనిమిది వేల రెండు వందల ఎనభై. రెండోసారి వేసింది, మూడోసారి వేసింది, అంతే వచ్చింది. కొత్త ఫారం మీద అన్నీ మళ్ళీ ఎక్కించి, ఊరికే అన్న చోట ఆ అంకె రాసింది. రాస్తూ, దొంగతనం చేస్తున్నట్టు ఒకసారి బయటికి తొంగి చూసింది.

ఆయన చూసి అదిరిపడ్డాడు. ఇంత వేస్తే ఎవడిస్తాడు, ఆర్డరు పోతుంది, నీకు లెక్కలొచ్చి చచ్చాయా, అన్నాడు. ఇది టైలరక్క రేటేనండీ, మీరు ఇచ్చిందే, అంది. దిద్దడానికి టైము లేదు, పదకొండు ముప్పావు అయింది. సణుక్కుంటూనే పంపించాడు. పోతే మాత్రం నీదే పాపం అని సాయంత్రం దాకా అంటూనే ఉన్నాడు. ఆమెకి ఆ రాత్రి అన్నం సహించలేదు. ఆర్డరు పోతుందేమో అన్న భయం కొంత. పోతే, తన పనికి ఆ ధర లేదని తేలిపోతుందే అన్న భయం దానికన్నా ఎక్కువ.

ఆర్డరు పోలేదు. రెండో రోజుకి వచ్చింది. అడ్వాన్సుకి వెళ్ళినప్పుడు, ఒలుపు కొంచెం ఎక్కువేసినట్టున్నాం మేడమ్ అని ఆయన తనంతట తానే నసిగితే, మేనేజరమ్మ మిగతా రెండు షాపుల ఫారాలు తిరగేసి, లేదే, వాళ్ళు మీకన్నా ఎక్కువే వేశారు, అందిట. ఇంటికొచ్చి ఆయన ఇది పెద్ద విజయంలా చెప్పాడు. ఆమెకి మాత్రం ఎవరో చెంప మీద కొట్టినట్టయింది. ఈ పనికి లోకంలో అందరి దగ్గరా ధర ఉంది. అందరూ వేస్తున్నారు, అందరూ ఇస్తున్నారు. ఊరికే అయింది ఒక్క తన చేతిలోనే.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర ఆయన మంచి హుషారుగా ఉన్నాడు. ఎండలకి మిషను వేడెక్కి కోత పక్కకి పోతోంది, ఆ ఒలుపు మీద వచ్చే ఎనిమిది వేలతో మిషను గదికి పెద్ద కూలరు కొంటాను, అన్నాడు. ఒలుపు బల్ల వెనక గదిలో, రేకు కప్పు కింద ఉంటుంది. ఆ సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

"ఆ డబ్బు ఒలిచినవాళ్ళది కదండీ" అంది ఆమె, వడ్డిస్తూనే.

ఆయన నవ్వాడు. "ఒలిచేది నువ్వేగా. నీదేంటి, నాదేంటి. అది కాగితం కోసం రాసిన లెక్క."

"కాగితం కోసం వాళ్ళు నిజం డబ్బు ఇస్తున్నారుగా."

అత్తగారు కంచంలోంచి తల ఎత్తింది. "ఇంట్లో చేసినదానికి కూలి అడిగితే ఇక అది ఇల్లెందుకవుతుంది, సత్రమవుతుంది. మా రోజుల్లో ఇలాంటి మాటలు నోటికి రావడం ఎరగం."

ఆమె అత్తగారికి మరో గరిటె వేసి, ఆయన వైపు తిరిగింది. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. "నేను పరాయిదాన్నయితే ఇచ్చేవారా?"

"పరాయిదానివైతే ఇవ్వక తప్పుతుందా?" అన్నాడాయన. అందులో కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. పొద్దున సూర్యుడు వస్తాడా అంటే రాకేం అన్నట్టు చెప్పి, మజ్జిగ పోయమన్నాడు.

మర్నాడు దీపం పెట్టి దండం పెట్టుకుంటే ఎప్పుడూ వచ్చే కోరికలేవీ రాలేదు. ఇల్లంతా చల్లగా ఉండాలని కూడా అనలేదు. దేవుడు తన పని చూస్తున్నాడనే ఆమె నమ్మకం, అది ఇప్పటికీ చెక్కు చెదరలేదు. కాని చూడాల్సింది దేవుడొక్కడే కాదు కదా అనిపించింది. చూడాల్సినవాళ్ళ పనంతా పాపం దేవుడి నెత్తిన పడేసి తానే ఇన్నాళ్ళూ ఊరుకుంది. దండం పెట్టిన చేతులు దించి లేచింది.

ఆయన చెప్పులేసుకుంటుంటే చెప్పింది. "ఇవాళ నేను షాపుకి రానండీ."

"ఏం, తలనొప్పా? మధ్యాహ్నానికి రా. షీట్లు కోసేసి ఉన్నాయి, పన్నెండు రోజులే టైము."

"పద్దెనిమిది వ్యాన్లకీ రాను. బయటి మనిషిని పెట్టుకోండి. దానికి రాసిన డబ్బు ఉందిగా."

ఆయన ఆమెని ఒకసారి పైకీ కిందికీ చూశాడు. అలగడానికి కూడా ముహూర్తం చూసుకున్నావన్నమాట, అన్నాడు. అలుగు, ఎన్నాళ్ళో నేనూ చూస్తాను, ఒలుపుకి మనుషులకేం కరువొచ్చిందా ఊళ్ళో, అని గేటు చప్పుడు చేస్తూ వెళ్ళాడు. అత్తగారు లోపలి గదిలో నుంచి, ఏమయిందిరా అని అడిగింది.

ఆమె వంట చేసింది. అత్తగారికి పెట్టింది. ఆయన క్యారియరు కట్టి, అటు వెళ్తున్న పక్కింటి ఆటో ఆయన చేత షాపుకి పంపింది. అప్పుడు తలుపు దగ్గరగా వేసి టైలరమ్మ ఇంటికి నడిచింది. నాలుగిళ్ళే, అయినా దారిలో రెండుసార్లు వెనక్కి తిరుగుదామనిపించింది. టైలరమ్మ కొట్టంతా స్కూలు యూనిఫారాల గుట్టలు. నోట్లో గుండుసూదులు పెట్టుకుని ఉంది.

"అక్కా, మీ కింద పని చేస్తాను. ఒలుపు పని. మీరు ఒప్పుకుంటే."

టైలరమ్మ సూదులు చేతిలోకి ఉమ్మి, కూర్చోమని స్టూలు తోసింది. మొత్తం విన్నది. మధ్యలో ఎక్కడా అయ్యో అనలేదు. విన్నాక భుజాలు ఊగేలా నవ్వింది. "నీ మొగుడి షాపులో, నీ బల్ల మీద, నా కూలి మనిషివా?"

"ఆయన చేతిలోంచి నా చేతికి రావాలంటే మధ్యలో ఒక పరాయి చెయ్యి ఉండాలి. నాకు ఇంకో దారి తోచలేదక్కా."

టైలరమ్మ నవ్వు ఆగిపోయింది. చేతిలోని సూదుల్ని డబ్బాలో వేసింది. "సరే. వందకి ఐదు నాకు కమీషను. ఊరికే చేశాననుకో, నీకూ నాకూ తేడా ఉండదు."

"ఇస్తానక్కా" అంది ఆమె. ఆ మాట అంటుంటే ఆమెకీ నవ్వొచ్చింది. జీవితంలో మొదటిసారి తన సంపాదనలోంచి ఒకరికి ఇస్తానంటోంది.

ఇంకో గంట కూడా పట్టలేదు, అనుకున్నట్టే ఆయన ఫోను. టైలరమ్మ చేతిలో గుడ్డ ఉండటంతో స్పీకరు నొక్కి బల్ల మీద పెట్టింది. అక్కా, నువ్వు ఖాళీయేనా, పెద్ద పని పడింది, అని మొదలుపెట్టాడు. నాకు యూనిఫారాలున్నాయి తమ్ముడూ, మనిషిని పంపిస్తా, అంది టైలరమ్మ. రేటు పాతదేగా అన్నాడు. రెండేళ్ళయింది, చిల్లుకి అర్ధ కాదు, ముప్పావు, అంది.

"చెయ్యి నెమ్మది కాదు కదా? అక్షరాల గుండ్రాలు చింపకూడదక్కా. పోయినసారి వేరే షాపులో ఒకావిడ సగం షీట్లు పాడుచేసిందట."

"పధ్నాలుగేళ్ళ అనుభవం ఉంది. ఒక్క షీటు చింపలేదు."

"అబ్బో" అన్నాడాయన, గొంతులో మర్యాద వచ్చింది. "అట్లాంటి మనిషి దొరికితే ముప్పావేంటి, మనం బేరమాడకూడదు. చెయ్యి మంచిదైతే ఇవ్వాల్సింది ఇవ్వాలి. రేపే పంపించు."

ఆమె ఒళ్ళో ఉన్న యూనిఫారం చొక్కాని మడత పెట్టడం మొదలుపెట్టింది. మడత కుదరలేదు. విప్పి మళ్ళీ పెట్టింది.

"ఒక్క మాట ముందే చెబుతున్నా తమ్ముడూ" అంది టైలరమ్మ, ఫోను వైపు కాకుండా ఆమె వైపు చూస్తూ. "తొమ్మిది నుంచి ఆరు దాకా పని. మధ్యలో లేచి పోయి వంటలు చేసి రావడాలు ఉండవు. సాయంత్రం సాయంత్రం లెక్కపెట్టి తన చేతికే ఇచ్చేయాలి."

"అదేం మాటక్కా. కూలి ఇచ్చి పెట్టుకున్న మనిషిని వంటకెందుకు లేపుతాం? వాళ్ళింట్లో వంట సంగతి వాళ్ళింట్లో వాళ్ళు చూసుకుంటారు. ఇంతకీ మనిషి ఎవరు, మన వీధేనా?"

టైలరమ్మ ఫోనుని బల్ల మీద ఆమె ముందుకి జరిపింది. ఆమె చొక్కా పక్కన పెట్టి, వంగి, పధ్నాలుగేళ్ళుగా ఆయనతో మాట్లాడే గొంతుతోనే, రేపు తొమ్మిదింటికి వస్తానండీ, అంది.